అద్దె ఇంటికి ఆ కాగితం ఉందా?

ఇంజినీర్ కిటికీ తలుపులన్నీ మూసి, గ్యాస్ ఫైర్ వెలిగించి కాసేపు ఆగాడు. తర్వాత పెట్టెలోంచి అగ్గిపుల్ల లాంటిదొకటి తీసి ముట్టించాడు. తెల్లటి పొగ మొదలైంది. దాన్ని ఫైర్ పై అంచు దగ్గర పెట్టి, 'చూడండి' అన్నాడు. ఆ పొగ లోపలికి, చిమ్నీలోకి వెళ్లాలి. వెళ్లలేదు. నెమ్మదిగా వెనక్కి తిరిగి మా మొహాల మీదికి వచ్చింది.

ఆయన వెంటనే గ్యాస్ కట్టేసి, కిటికీలు బార్లా తెరిచాడు. గోడవారగా ఉన్న పరుపు చూసి "ఈ గదిలో ఎవరైనా పడుకుంటున్నారా?" అని అడిగాడు.

నల్గొండ నుంచి వచ్చిన కుర్రాడు చెయ్యెత్తాడు.

"తలనొప్పి వస్తోందా?"

ఆ అబ్బాయి నావైపు చూశాడు. "అన్నా, మూడు వారాల సంది వస్తుంది. కాలేజీకి పోతే తగ్గుతది. చలికేమో అనుకుంటున్న" అన్నాడు.

ఇది 2016 డిసెంబరు 16న ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జరిగింది. ఆ ఇల్లు నాది. ఆ కుర్రాళ్లు నా అద్దెదారులు. ఆ ఇంటి గ్యాస్ సర్టిఫికెట్ గడువు నవంబరు 18తోనే అయిపోయింది. అంటే 28 రోజులు ఆలస్యం. ఆ 28 రోజుల సంగతి ఇన్నాళ్లూ నేను మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"నేను వచ్చాక చూద్దాం"

కోవెంట్రీలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 2011లో కొన్న ఇల్లది. పాతకాలపు టెర్రస్ ఇల్లు. అంటే అటూ ఇటూ గోడలు కలిసిపోయి, రైలు పెట్టెల్లా వరసగా ఉంటాయి చూశారూ, అలాంటిది. తర్వాత ఉద్యోగం మారి రెడింగ్ వచ్చేశాం. ఇల్లు అమ్మబుద్ధి కాక, ఒక ఏజెంట్ ద్వారా స్టూడెంట్లకు అద్దెకిచ్చాను. ముగ్గురి పేర్ల మీద అగ్రిమెంటు. ముగ్గురూ తెలుగు పిల్లలే. 'మనవాళ్లే కదా, ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటారు' అని సంబరపడ్డాను.

ఆ ఏడాది అక్టోబరులో తెనాలిలో నాన్నకు తుంటి ఆపరేషన్ అయింది. నేను వెళ్లి అక్కడే ఉండిపోయాను. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఆస్పత్రికి కట్టాల్సిన డబ్బు కోసం బ్యాంకు ముందు క్యూలో నిలబడి ఉండగా ఏజెంట్ నుంచి మెయిల్ వచ్చింది. 'గ్యాస్ చెక్‌కు ఇంజినీర్ వెళితే తలుపు తీయలేదు. ఫోనూ ఎత్తడం లేదు. సర్టిఫికెట్ గడువు 18 వరకే. మళ్లీ బుక్ చేయమంటారా?'

క్యూలోనే నిలబడి ఒక్క వాక్యంలో జవాబిచ్చాను. 'నేను వచ్చాక చూద్దాం.'

అప్పుడు నా మనసులో ఉన్న మాట ఇది: ఏటా వస్తాడు, ఏటా 'అంతా బాగుంది' అని రాసిస్తాడు, 80 పౌండ్లు పట్టుకుపోతాడు. నెల ఆగితే కొంప మునుగుతుందా?

చిమ్నీలో గూడు

పిల్లలు తలుపు ఎందుకు తీయలేదో తర్వాత తెలిసింది. ముగ్గురి పేర్ల మీద తీసుకున్న ఇంట్లో నలుగురుంటున్నారు. నాలుగోవాడు ఆ నల్గొండ అబ్బాయి, వాళ్లలో ఒకరికి మేనత్త కొడుకు. ముందు గదిలో పరుపు వేసుకుని, తన వాటా డబ్బు చేతికిచ్చేవాడు. ఎవరైనా చెకింగ్‌కు వస్తే నలుగురున్న సంగతి నాకు తెలిసిపోతుందని భయం. అందుకే తలుపు కొడితే చప్పుడు చేయకుండా కూర్చున్నారు.

ముందు గదిలో పాత గ్యాస్ ఫైర్ ఉంది. హాల్లో సాయంత్రం పూట కాసేపు వేసుకునే చలిమంట లాంటిది. దాని పొగ చిమ్నీ గుండా పైకి పోవాలి. ఇంగ్లండ్‌లో జాక్‌డా అని కాకి జాతి పక్షి ఉంటుంది. చిమ్నీ గొట్టాల్లో పుల్లలు పడేసి గూడు కట్టడం దానికి అలవాటు. ఆ వసంతంలో మా చిమ్నీలో కాపురం పెట్టింది. వేసవంతా ఎవరూ ఫైర్ వెలిగించలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. చలి మొదలయ్యాక ఆ అబ్బాయి రాత్రిళ్లు ఫైర్ వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాడు.

తనిఖీ ఏడాదికోసారి ఎందుకని నేను విసుక్కున్నాను కదా, జవాబు ఆ గూడే. 2015 నవంబరు నాటి సర్టిఫికెట్‌లో ఆ చిమ్నీ శుభ్రంగా ఉంది. అది అబద్ధం కాదు. మధ్యలో ఒక వసంతం వచ్చి వెళ్లింది, అంతే.

ఇంకో సంగతి. గోడ కింద గాలి ఆడేందుకు చిల్లుల ఇటుక ఒకటి ఉంటుంది. ఎయిర్‌బ్రిక్ అంటారు. దానికి అడ్డంగా న్యూస్‌పేపర్ మడిచి పెట్టి, మీద ప్యాకింగ్ టేపు అంటించారు. పొగ పరీక్షకు ముందే ఇంజినీర్ దాన్ని పీకేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇదేం పనిరా?" అని అరిచాను. "గాలి మస్తుగ కొడ్తుండె అన్నా, చలికి తట్టుకోలేకపోయినం" అన్నాడు ఆ అబ్బాయి.

అప్పుడు గుర్తొచ్చింది. 2004లో నేను కొత్తగా లండన్ వచ్చినప్పుడు ఈస్ట్ హ్యామ్‌లో నలుగురం ఒక ఇంట్లో ఉండేవాళ్లం. మొదటి చలికాలంలో మేమూ ఇదే చేశాం. అచ్చం ఇలాగే, ఇదే టేపుతో. ఎండ దేశం నుంచి వచ్చినవాళ్లకి గోడలో చిల్లు కనిపిస్తే మూయబుద్ధేస్తుంది. అది ఎందుకుందో ఎవరూ చెప్పరు. ఆ ఏడాది గ్యాస్ చెక్‌కు వచ్చిన మనిషి మా టేపు పీకి, చీవాట్లు పెట్టి వెళ్లాడు. ఆయన వెళ్లాక మేం నవ్వుకున్నాం కూడా.

వాసన రాదు, పొగ కనిపించదు

మనకు గ్యాస్ అంటే లీకేజీ భయమే తెలుసు. లీకైతే వాసన వస్తుంది. గ్యాస్‌కు తనంతట తనకు వాసన లేదు, మనం పసిగట్టాలనే అందులో ఆ ఘాటు వాసన కలుపుతారు. కానీ సరిగ్గా మండని గ్యాస్ నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ వేరు. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. ఊపిరితో లోపలికి వెళ్లి, ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా బలంగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటుండదు.

మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం, నీరసం. అచ్చం ఫ్లూలాగే ఉంటుంది, జ్వరం మాత్రం ఉండదు. బయటికి వెళితే తగ్గుతుంది, ఇంటికొస్తే మళ్లీ మొదలు. ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తే మరీ అనుమానించాలి. నిద్రలో ఉంటే ఈ లక్షణాలేవీ తెలియకుండానే ప్రాణం పోవచ్చు.

ఇంజినీర్ ఆ అబ్బాయిని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమన్నాడు. నా కారులోనే తీసుకెళ్లాను. రక్తపరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ బయటపడింది. మాస్కు పెట్టి గంటల తరబడి ఆక్సిజన్ ఇచ్చారు. మర్నాడు సాయంత్రానికి పంపించేశారు. "ఇంకా చలి ముదిరి, రాత్రంతా ఫైర్ వేసుకుని ఉంటే..." అని డాక్టర్ ఆ మాట పూర్తి చేయలేదు.

చట్టం ఏం చెబుతుంది?

ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు 1998 నాటి గ్యాస్ సేఫ్టీ నిబంధనలు వర్తిస్తాయి. ఓనరు ఇచ్చిన ప్రతి గ్యాస్ పరికరాన్నీ, దాని పొగగొట్టాన్నీ 12 నెలలకోసారి తనిఖీ చేయించాలి. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న ఇంజినీరే చేయాలి. 2009 ఏప్రిల్‌కు ముందు ఈ రిజిస్టర్ కోర్గీ అనే సంస్థ చేతిలో ఉండేది. అందుకే పాతవాళ్లు ఇప్పటికీ ఆ సర్టిఫికెట్‌ను 'సీపీ ట్వెల్వ్' అనే పిలుస్తారు.

తనిఖీ అయిన 28 రోజుల్లో ఆ కాగితం కాపీ అద్దెదారు చేతికివ్వాలి. కొత్తగా దిగేవాళ్లకైతే దిగకముందే ఇవ్వాలి. ఓనరు కనీసం రెండేళ్లు దాచాలి. ఖర్చు ఓనరుదే. ఏజెంట్‌కు అప్పగించినంత మాత్రాన ఓనరు చేతులు దులుపుకోవడానికి లేదు. ఇంట్లో ఒక గది అద్దెకిచ్చినా ఇదే రూలు. అద్దెదారు సొంతంగా కొనుక్కున్న స్టవ్ ఓనరు లెక్కలోకి రాదు కానీ, గ్యాస్ పైపులైను మాత్రం ఓనరు బాధ్యతే. తప్పితే జరిమానాకు పరిమితి లేదు, జైలు కూడా పడొచ్చు. ప్రాణం పోతే కేసు ఇంకా పెద్దది.

తలుపు తీయకపోతే ఓనరు బలవంతంగా లోపలికి దూరకూడదు. కానీ 'తీయలేదు కాబట్టి వదిలేశా' అన్నా కుదరదు. ఉత్తరాలు రాయాలి, మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి, ఆ ప్రయత్నాలకు రుజువులు ఉంచుకోవాలి. నేను చేసిందల్లా ఒక్క మెయిల్‌కు ఒక్క వాక్యం జవాబు.

2018 ఏప్రిల్ నుంచి ఓనర్లకు ఒక వెసులుబాటు వచ్చింది. గడువుకు రెండు నెలల ముందే తనిఖీ చేయించుకున్నా పాత గడువు తేదీ అలాగే ఉంటుంది, ముందు చేయించినందుకు రోజులు నష్టపోరు. ఇక ఆలస్యానికి సాకు లేదు. 2022 అక్టోబరు నుంచి ఇంగ్లండ్‌లో బాయిలర్, గ్యాస్ ఫైర్ లాంటివి బిగించి ఉన్న నివాసపు గదుల్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఓనరే పెట్టాలి. వంట స్టవ్‌కు మాత్రం మినహాయింపు. 2016లో గ్యాస్ పరికరాలకు ఆ రూలు లేదు. ఇరవై పౌండ్ల అలారం రూలు లేకపోయినా పెట్టి ఉండొచ్చు. నేను పెట్టలేదు.

ఇంజినీర్ ఏం చూస్తాడు?

ఆ ఏడాది వరకూ ఆయన ఏం చేస్తాడో నేనెప్పుడూ దగ్గరుండి చూడలేదు. పైపుల్లో లీకు ఉందా, గ్యాస్ ప్రెషర్ సరిగా ఉందా, మంట సరిగా మండుతోందా, పొగ బయటికి పోతోందా, గదికి గాలి అందుతోందా, మంట ఆరితే గ్యాస్ తనంతట ఆగే ఏర్పాటు పనిచేస్తోందా... ఇవన్నీ చూస్తాడు. మంట నీలంగా, చురుగ్గా ఉండాలి. పసుపుపచ్చగా, నారింజ రంగులో బద్ధకంగా ఊగుతుంటే అనుమానించాలి. పరికరం చుట్టూ మసి మరకలు, కిటికీ అద్దాలకు మామూలుకన్నా ఎక్కువ చెమ్మ కూడా గుర్తులే.

ప్రమాదం ఉంటే సర్టిఫికెట్‌లో రాసి, పరికరానికి 'వాడొద్దు' అని హెచ్చరిక చీటీ కడతాడు. మా ఫైర్‌కు ఆ రోజు ఆ చీటీ పడింది. పడుకునే గదిలో ఇలాంటి ఫైర్ ఉండాలంటే, ప్రమాదం ముదరకముందే తనంతట ఆగిపోయే పరికరం దానికి ఉండాలని రూలు. నా పాత ఫైర్‌కు అది లేదు. అది హాలు కాబట్టి అన్నేళ్లూ చెల్లింది. హాలు పడకగదిగా మారిన సంగతి పిల్లలు నాకు చెప్పలేదు, నేనూ వెళ్లి చూడలేదు.

ఇంకో మాట. సేఫ్టీ చెక్ వేరు, బాయిలర్ సర్వీసింగ్ వేరు. కారుకు కాలుష్యం సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆయిల్ మార్చినట్టు కాదు కదా, అలాగే. రెండూ చేయించాలి.

మరుసటి వారమే ఆ ఫైర్ పీకించేసి, ఆ గదికి పెద్ద రేడియేటర్ పెట్టించాను.

పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల నుంచీ ఎంతోమంది పిల్లలు బ్రిటన్‌కు చదువుకు వెళుతున్నారు. దిగీ దిగగానే ఎవరో సీనియర్ చెప్పిన ఇంట్లో, ఏ కాగితమూ లేకుండా, డబ్బు చేతికిచ్చి సర్దుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం, నేనూ అలా సర్దుకున్నవాణ్నే. కానీ ఈ నాలుగు మాటలు మీ పిల్లలకు చెప్పండి.

1. డిపాజిట్ కట్టేముందు గ్యాస్ సేఫ్టీ రికార్డు అడగాలి. దానిమీద ఇంటి చిరునామా, తనిఖీ తేదీ, ఏ పరికరం ఏ గదిలో ఉంది, లోపాలేమిటి, ఇంజినీర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. తేదీ చూసి 12 నెలలు దాటలేదని నిర్ధారించుకోవాలి.

2. ఇంజినీర్ వస్తే తలుపు తీయాలి. ముందు ఆయన గ్యాస్ సేఫ్ కార్డు అడగాలి. ముందువైపు ఫొటో, లైసెన్స్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. వెనకవైపు ఏయే పనులు చేయడానికి అర్హుడో ఉంటుంది. అడిగితే వాళ్లేమీ అనుకోరు.

3. గోడలోని గాలి చిల్లు మూయొద్దు. చలేస్తే ఇంకో దుప్పటి కొనుక్కోండి. గ్యాస్ ఫైర్ ఉన్న గదిలో పడుకోవాల్సి వస్తే ముందు ఓనరుకు చెప్పండి.

4. అలారం మోగినా, గ్యాస్ వాసన వచ్చినా, ఇంట్లో ఉంటేనే తలనొప్పి వస్తున్నా గ్యాస్ కట్టేసి, కిటికీలు తెరిచి బయటికి రావాలి. గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 0800 111 999. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది.

ఇదంతా ఇంగ్లండ్ గొడవ, మనకెందుకు అనుకోకండి. మొన్న సెలవుల్లో హైదరాబాద్‌లో మా చిన్నాన్న అద్దెకుంటున్న ఫ్లాటుకు వెళ్లాను. బాత్రూమ్ లోపలే గ్యాస్ గీజర్. వెంటిలేటర్‌కు దోమలొస్తున్నాయని అట్టముక్క కొట్టారు. స్నానం చేసే మనిషి తలుపు గడియ పెట్టుకుంటే ఇక ఆ గదికి గాలే లేదు. కోవెంట్రీలో చూసింది మళ్లీ కళ్లముందు కనిపించింది. అట్టముక్క నేనే పీకాను. గీజర్ బాత్రూమ్ బయటికి మార్పించేదాకా పిన్ని చేత స్టవ్ మీద నీళ్లు కాయించాను. మన అద్దె అగ్రిమెంట్లలో రంగుల ఖర్చు ఎవరిదో, మెయింటెనెన్స్ ఎంతో రాసి ఉంటుంది. గ్యాస్ గురించి ఒక్క ముక్క నేనెక్కడా చూడలేదు. చట్టం చెప్పేదాకా ఆగక్కర్లేదు, ఇల్లు మారేముందు ఓనరును మనమే అడగొచ్చు.

ఆ ఫోన్

ఆస్పత్రి నుంచి వచ్చిన మూడోరోజు నాకు నల్గొండ నుంచి ఫోన్ వచ్చింది. ఆ అబ్బాయి వాళ్లమ్మ. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడదామనే ఫోన్ ఎత్తాను.

"సారూ, మీరు తోలిచ్చిన మనిషే మా పిలగాని పానం కాపాడిండంట. మీ పుణ్యం ఉంటది. మీ పిల్లలు సల్లగుండాలె" అంటూ ఏడ్చింది.

ఆ మనిషి నవంబరులోనే రావాల్సిందని, రాకుండా ఆపింది నేనేనని చెప్పలేకపోయాను. "పర్లేదమ్మా, అబ్బాయి బాగున్నాడు" అని పెట్టేశాను. మా ఆవిడ పక్కనే ఉంది. ఏమీ అనలేదు. కాసేపటికి లేచి క్యాలెండర్ తెచ్చి, సెప్టెంబరు నెలలో ఒక తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. అప్పటినుంచి ఏటా కొత్త క్యాలెండర్ రాగానే మొదట చేసే పని అదే.

ఆ అబ్బాయి చదువైపోయి, ఉద్యోగం వచ్చి, పెళ్లి చేసుకుని ఇప్పుడు అక్కడే ఉంటున్నాడు. పోయినేడు ఇల్లు మారుతూ నాకు ఒక ఫొటో పంపాడు. కొత్త అద్దె ఇంటి గ్యాస్ సర్టిఫికెట్. కింద 'తేదీ చూసిన అన్నా' అని రాశాడు.

వాళ్లమ్మ ఈ వ్యాసం చదువుతుందో లేదో నాకు తెలియదు. చదివితే మాత్రం, అమ్మా, ఆ రోజు మీరు దీవించిన మనిషి 28 రోజులు ఆలస్యంగా వచ్చాడు. ఆ ఆలస్యం నాది.